ఫ్యాక్టరీ కుర్చీ

చీటీ విప్పి చూసుకున్న అమ్మాయి మొహం పాలిపోయింది.

"నాకు ఫ్యాక్టరీ వచ్చింది సార్," అంది, ఎవరో పోయారని కబురు చెప్పినట్టు.

క్లాసంతా గొల్లుమంది. మేష్టారు మాత్రం నవ్వలేదు. ఆయన ఒక కన్ను కిటికీ పక్కన కాలు మీద కాలేసుకుని కూర్చున్న కంపెనీ ఆయన మీద ఉంది, రెండో కన్ను ఆ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ ప్రిన్సిపాలుగారి మీద ఉంది. ఆ పిల్లని అందరూ నెమ్మది అని పిలుస్తారు. మాట నెమ్మది, నడక నెమ్మది, కన్నీళ్లు మాత్రం మహా తొందర. ఫ్యాక్టరీ కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఆట సగానికొచ్చేసరికి ఏ గతి పడుతుందో మేష్టారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. కంపెనీ ఆయన ముందు ఈ పిల్ల బావురుమంటే? ఏడాది పొడుగునా బతిమాలి బతిమాలి పిలుచుకొచ్చిన మనిషి. వాళ్ల గోడౌన్లో ట్రైనింగుకి రెండే రెండు సీట్లిస్తాడు, ఏడాది తర్వాత ఉద్యోగమూ ఇస్తాడు. ఆట చూసి ఎంచుకుంటానన్నాడు.

మేష్టారి చూపు బల్లల వెంట పరిగెత్తి మిరపగింజ దగ్గర ఆగింది. చూడ్డానికి ఇంతే ఉంటుంది గానీ నోట్లో పడితే తెలుస్తుందని తోటి పిల్లలే పెట్టిన పేరది. లెక్కలో దిట్ట, మాటలో గట్టి. రెండు సీట్లలో ఒకటి ఆ పిల్లదేనని క్లాసంతా ఎప్పుడో ఖాయం చేసేసింది. ఆ పిల్లయితే కిందటి ఆదివారం వాళ్లమ్మని వెంటబెట్టుకుని వెళ్లి గోడౌను గేటు దాకా చూపించుకొచ్చింది కూడా.

"అమ్మా, నువ్విటొచ్చి ఫ్యాక్టరీలో కూర్చో. తను నీ చోట్లో కూర్చుంటుంది."

"నా చీటీలో హోల్‌సేలని వచ్చింది కద్సార్?"

"ఏదైతే ఏముందమ్మా, ఆటేగా."

మిరపగింజ ఓ క్షణం ఆయన మొహంలోకి చూసింది. భుజాలెగరేసి, బ్యాగు తీసుకుని చివరి బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. నెమ్మది హమ్మయ్య అనుకుంటూ హోల్‌సేల్ బల్ల దగ్గర ఒదిగింది. గట్టి పిల్ల, తట్టుకుంటుంది, అనుకున్నారు మేష్టారు.

ఆట పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. నాలుగు బల్లలు వరసగా జరిపి ఉంటాయి. మొదటిది దుకాణం, తర్వాత హోల్‌సేలు, తర్వాత డిపో, కొసన ఫ్యాక్టరీ. సీసా మూతలే సబ్బుపెట్టెలు. జనం దుకాణంలో కొంటారు, దుకాణం హోల్‌సేలుకి చీటీ రాస్తుంది, హోల్‌సేలు డిపోకి, డిపో ఫ్యాక్టరీకి. చీటీ అటు వెళ్లాలి, సరుకు ఇటు రావాలి. అడిగిన సరుకు అడిగిన విడతలోనే రాదు, దారిలో రెండు విడతలు ఆగి మరీ వస్తుంది. ఉన్న కష్టమంతా అక్కడే. పైగా ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదు. జనం ఎంత కొంటున్నారో రాసున్న ముక్కలు మేష్టారి చేతిలో ఉంటాయి, ఆయన వాటిని దుకాణానికి మాత్రమే చూపిస్తారు.

దుకాణంలో కూర్చున్నది లాయరని పేరుబడ్డ కుర్రాడు. టీచరు హాజరు వేసినా వాదిస్తాడు, వెయ్యకపోయినా వాదిస్తాడు. డిపోలో ఒక పొడుగాటి కుర్రాడు. మొదట్లో పెళ్లిచూపుల్లా పద్ధతిగా సాగింది. జనం ఐదు పెట్టెలడిగారు, మళ్లీ ఐదడిగారు. ఆ తర్వాత మేష్టారు తొమ్మిది ముక్క తిప్పారు.

లాయరు కళ్లు పెద్దవయ్యాయి. ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేసి, ఎందుకైనా మంచిదని పద్నాలుగు రాసి పంపాడు. నెమ్మది దాన్ని చూసి గుటకలు మింగి ఇరవై రాసింది. పొడుగువాడు ఈల వెయ్యబోయి, నోరు నొక్కుకుని, ముప్పై రాశాడు. మిరపగింజ ఆ ముప్పైని విప్పి, పెన్ను చివర పంటితో కొరుకుతూ చాలాసేపు ఆలోచించి, ముప్పై పెట్టెలకీ మరచక్రం తిప్పేసింది. దారిలో ఉన్న సరుకు ఇంకా అందకపోవడంతో మిగతా ముగ్గురూ మళ్లీ రాశారు, ఇంకొంచెం ఎక్కువ రాశారు. ఆపైన ఒక్కసారిగా సరుకంతా వచ్చిపడింది. మూతలు బల్లల మీద నిలవలేక కింద దొర్లాయి. ఇంక చీటీల్లో సున్నా, సున్నా, సున్నా. ఫ్యాక్టరీ బల్ల మీద మాత్రం మూతల గుట్ట అలాగే ఉండిపోయింది, ఎవరికీ అక్కర్లేకుండా.

నిజానికి జనం ఆ తొమ్మిది దగ్గరే ఆగిపోయారు. మళ్లీ పెరిగింది లేదు, తగ్గింది లేదు. గొడవంతా వీళ్ల భయాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చోవడం వల్ల వచ్చింది. అందరూ మంచివాళ్లే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. ఆ కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టినా అంతే. అది చెప్పడానికే ఈ ఆట. ఆట అయ్యాక మేష్టారు జనం కొన్న లెక్కని బొమ్మగా గీసిన చార్టు బోర్డుకి తగిలిస్తారు. తిన్నగా పోయే ఆ గీత చూడగానే పిల్లలు ఓరి నాయనో అని నెత్తి కొట్టుకుంటారు. ఆడించడం అరపూట పనైతే, ఆ మాట చెప్పడం అసలు పని. ఆ మాట చెప్పకపోతే, పిలిచి కూర్చోబెట్టి అవమానం చేసినట్టే.

సున్నాలు వస్తుండగా మిరపగింజ చెయ్యెత్తింది.

"సార్, ఒక్క మాట. అసలు దుకాణంలో జనం ఎంత కొంటున్నారు? అదొక్కటీ తెలిస్తే నేను..."

సరిగ్గా అడగాల్సిన ప్రశ్న. ఇన్నేళ్లలో ఆట మధ్యలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. మేష్టారి గుండె ఒక్క క్షణం పొంగింది కూడా. కానీ కంపెనీ ఆయన కళ్లు ఆయన మీదికి తిరిగాయి, క్లాసు అదుపులో ఉందా లేదా అన్నట్టు.

"ఫ్యాక్టరీకి నోరుండదమ్మా!" అన్నారు మేష్టారు.

పిల్లలు పడీపడీ నవ్వారు. అందరికంటే గట్టిగా కంపెనీ ఆయన నవ్వాడు. ఎత్తిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

ఆట అయిపోయింది. మేష్టారు చార్టు అందుకుని రబ్బరు బ్యాండు తీస్తుండగా కంపెనీ ఆయన లేచి ఫ్యాక్టరీ బల్ల దగ్గరికి వచ్చాడు. ఒక మూత తీసి గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు.

"ఇదేంటమ్మా ఈ గుట్ట? ఎవరి కోసం చేశావ్ ఇదంతా?"

"ఆర్డర్లొచ్చాయి సార్."

"ఆర్డరొస్తే కళ్లు మూసుకుని చేసేస్తావా? బుర్ర వాడక్కర్లా? మా దగ్గర ఇలా చేస్తే సాయంత్రానికి గేటు బయటుంటావ్." తిట్టినట్టు కూడా అనలేదు, సరదాగానే అన్నాడు. "హోల్‌సేలు అమ్మాయి చూడు, ఎంత కుదురుగా ఉందో."

నెమ్మది తల వంచేసుకుంది. మిరపగింజ మేష్టారి వైపు చూసింది. మేష్టారు నోరు తెరిచారు.

"టీ చల్లారిపోతోంది సార్, రండి రండి," అన్నారు ప్రిన్సిపాలుగారు.

మేష్టారు నోరు మూసుకున్నారు. చార్టుకి రబ్బరు బ్యాండు తిరిగి వేసి, చంకలో పెట్టుకుని టీకి వెళ్లారు. అక్కడ కంపెనీ ఆయన బిస్కెట్టు ముంచుకుంటూ, లాయరూ నెమ్మదీ చాలన్నాడు, గురువారం వచ్చి పిల్లల ముందే చెప్తానన్నాడు. తలూపినవాళ్లలో మేష్టారూ ఉన్నారు.

సాయంత్రం ఇంట్లో భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. దుప్పటి అటు చివర పట్టుకోమని మేష్టారికిచ్చింది.

"కంపెనీవాళ్లు ఒప్పుకున్నారా?"

"ఆఁ, ఒప్పుకున్నారు. ఇద్దర్ని తీసుకుంటారట."

"మరి ఆ మొహమేంటి, తేలు కుట్టినట్టు? దుప్పటి బిగించి పట్టుకోండి, చార్టు కాదది."

మేష్టారు దుప్పటి బిగించారు. అడక్కుండానే జరిగింది చెప్పుకొచ్చారు. ఒకచోట ఒకటి కలిపారు, ఒకచోట ఒకటి దాటేశారు. ఆవిడ దాటేసిన చోటే పట్టుకుంది.

"చీటీలో ఆ ఏడుపు పిల్లకే కదా వచ్చింది? మరి ఈ పిల్లని కూర్చోబెట్టడమేంటి?"

"గట్టి పిల్లే. తట్టుకుంటుందని."

ఆవిడ దుప్పటి మడత ఆపింది.

"మీ అమ్మ మంచాన పడ్డప్పుడు మీ అక్కచెల్లెళ్లు నా గురించి ఈ మాటే అన్నారు. గట్టి మనిషి, తట్టుకుంటుందని. మీరూ పక్కనే ఉన్నారు."

"ఇప్పుడదెందుకూ?"

"ఎందుకూ లేదు. మోసే ఎద్దు మీదే ఇంకో బస్తా వేస్తారు. దానికి బరువుండదని కాదు, అది అరవదని." దుప్పటి ఆయన చేతుల్లోంచి లాక్కుని చకచకా మడిచేసింది. "వెళ్లి ఆ పిల్లకి చెప్పండి, పోయి. నా మీద చూపులు గుచ్చితే ఏమొస్తుంది?"

మర్నాడు మేష్టారు మామూలుకంటే ముందే కాలేజీకి వెళ్లారు. వరండాలో మిరపగింజ ఎదురొచ్చింది. వెనక నుంచి ఎవరో "ఏమే ఫ్యాక్టరీ, సబ్బు ఒకటుంటే ఇవ్వవే, మొహం కడుక్కోవాలి," అన్నారు. మరొకడు "ఒకటేంటిరా, ఊరంతటికీ సరిపడా ఉంటేనూ!" అన్నాడు. మామూలుగా అయితే ఈపాటికి వాళ్లకి తిరిగి నాలుగు తగిలేవి. ఆ పిల్ల వినిపించనట్టు వెళ్లిపోయింది. క్లాసులో మేష్టారు బోర్డు మీద ఏదో గీసి, ఎవరు చెప్తారని అడిగితే ఎప్పుడూ లేచే చెయ్యి లేవలేదు. మేష్టారు ఆ వైపు రెండుసార్లు చూశారు. ఆ పిల్ల పుస్తకంలోకి చూస్తోంది. పేజీ మాత్రం తిప్పలేదు.

ఆటసామానంతా మెట్ల కింద చిన్న గదిలో ఉంటుంది. వంగి వెళ్లాలి, వంగి రావాలి. మధ్యాహ్నం మేష్టారు మూతల డబ్బా అక్కడ సర్దుతూ, మెట్ల మీంచి దిగుతున్న మిరపగింజని కేకేశారు. తను లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది.

"అమ్మా, నిన్న జరిగిందాంట్లో నీ తప్పేమీ లేదు. ఆ కుర్చీలో నేను కూర్చున్నా అంతే. జనం తొమ్మిది దగ్గరే ఆగిపోయారు."

"తెలుసు సార్. రాత్రి ఇంట్లో కూర్చుని వెనక్కి లెక్కేసుకున్నా. అంతే అయ్యుంటుందనిపించింది."

"అది చెప్పాల్సింది నేను. చెప్పకుండా టీకి వెళ్లిపోయా. నిన్ను అక్కడ కూర్చోబెట్టింది కూడా... ఆ అమ్మాయి ఏడుస్తుందేమోనని. నువ్వయితే తట్టుకుంటావని. తప్పయిపోయిందమ్మా."

అనేశాక ఆయనకి ఒళ్లు తేలికపడ్డట్టయింది. నిన్నటి నుంచీ ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయింది. ఇంత సులువా అనిపించింది. డబ్బా మూత బిగించి, చిన్నగా నవ్వారు కూడా.

మిరపగింజ నవ్వలేదు.

"నన్ను అన్నది క్లాసందరి ముందూ కద్సార్."

"అవునమ్మా..."

"మరి తప్పయిపోయిందని మెట్ల కింద చెప్తున్నారేంటి?"

మేష్టారు డబ్బా పట్టుకుని వంగి ఉన్నారు గనక ఆ పిల్లని తలెత్తి చూడాల్సి వచ్చింది.

"మా అమ్మ జాకెట్టు తప్పు కుడితే బజారులో అందరి ముందూ కేకలేసినవాళ్లు, ఆనక తప్పు వాళ్ల కొలతదే అని తెలిస్తే, సందులోకొచ్చి చెవిలో చెప్పిపోతారు సార్. మా అమ్మ అప్పుడే ఎక్కువ ఏడుస్తుంది." వెళ్లబోయి ఆగింది. "సీటు గురించి కాద్సార్ నేనడిగేది. ఆ సీటు నెమ్మదికి వచ్చింది, దానికీ అవసరమే. నా నోరు మూయించడానికని దాని సీటు లాక్కోవద్దు, దాని నోరు కొట్టి నాకివ్వొద్దు."

వెళ్లిపోయింది. తేలికపడిందనుకున్న ఛాతీ మీదికి ఆ బరువు మళ్లీ వచ్చి, ఈసారి కాస్త వెసులుబాటుగా సర్దుకుని కూర్చుంది.

గురువారం కంపెనీ ఆయన ఉత్సాహంగా వచ్చాడు. గదిలో పిల్లలంతా నిండుగా కూర్చున్నారు. ప్రిన్సిపాలుగారు ముందు వరసలో కుర్చీ వేయించుకున్నారు. మేష్టారు రెండ్రోజులుగా ఒకే వాక్యాన్ని ఎన్ని రకాలుగా చెప్పొచ్చో ప్రాక్టీసు చేశారు. కంపెనీ ఆయన పేరు తీస్తే నొచ్చుకుంటాడు, తియ్యకపోతే ఎవరికీ అర్థం కాదు. నెమ్మది పేరు ఎత్తకూడదు. ప్రిన్సిపాలుగారికి ముందే చెప్తే వద్దంటారు గనక చెప్పలేదు. అరచేతులు చెమట పట్టి, చార్టు కాయితం అంచులు మెత్తబడ్డాయి.

కంపెనీ ఆయన లేవబోతుంటే మేష్టారు అడ్డొచ్చారు.

"సార్, ఒక్క నిమిషం. సోమవారం ఆట సగమే అయింది. మిగతా సగం నేను చెప్పలేదు."

"ఫరవాలేదు మేష్టారూ, మాకు కావల్సింది..." అంటున్నారు ప్రిన్సిపాలుగారు. ఆపాటికే చార్టు బోర్డు మీద వేలాడుతోంది. నల్లని గీత. ఐదు దగ్గర బయల్దేరి, ఒక్క మెట్టెక్కి తొమ్మిదికి చేరి, అక్కణ్నుంచి చివరిదాకా బల్లపరుపుగా, తిన్నగా పోయింది.

గదిలో ఎవరో "ఇంతేనా?" అన్నారు. లాయరు లేచి నిలబడిపోయాడు. "అంటే సార్, నేను పద్నాలుగు రాయకుండా ఉండుంటే..." అని, జీవితంలో మొదటిసారి వాదన దొరక్క కూర్చున్నాడు.

"ఎవరి తప్పూ కాదు," అన్నారు మేష్టారు. గొంతు సవరించుకున్నారు. "ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా గుట్ట పడుతుంది. ఇన్నేళ్లుగా పడుతూనే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే, చీటీలో వచ్చిన చోటు మార్చి నాకు నచ్చిన మనిషిని అక్కడ కూర్చోబెట్టా. గట్టి పిల్ల, నోరెత్తదు అనుకున్నా. నోరెత్తింది. అడగాల్సిన ప్రశ్నే అడిగింది. నేను నవ్వులాట చేసి కూర్చోబెట్టా. ఆపైన మాట పడుతుంటే చూస్తూ ఊరుకున్నా. మీరందరూ చూస్తుండగా చేశా గనక మీరందరూ చూస్తుండగా చెప్తున్నా. తప్పు నాది."

ప్రిన్సిపాలుగారు దగ్గారు. నెమ్మది ఒళ్లోని చేతుల్నే చూసుకుంటోంది. కన్నీళ్లు వచ్చాయి గానీ తుడుచుకోలేదు. మేష్టారు మిరపగింజ వైపు చూసే ధైర్యం చెయ్యలేకపోయారు.

కంపెనీ ఆయన గీతని చాలాసేపు చూశాడు. ఎర్రబడ్డ మొహం కాసేపటికి మామూలుదైంది. చెడ్డవాడు కాదాయన, కాకపోతే ఓడినట్టు కనపడ్డం ఇష్టముండదు.

"అయితే నేనూ బోల్తా పడ్డానన్నమాట," అని పెద్దగా నవ్వాడు. "సరే, దానికేం. ఆ ఇద్దరూ ఎలాగూ ఖాయం. ఈ అమ్మాయిని కూడా పంపించెయ్యండి. మా దగ్గర వాపసొచ్చిన సరుకు చూసే సెక్షనుంది, అక్కడ మనిషి నిలవట్లేదు, వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతున్నారు. గట్టి పిల్ల అంటున్నారుగా, తట్టుకుంటుంది. ఏమంటారు మేష్టారూ?"

గదంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ఎవరో చప్పట్లు మొదలెట్టారు. ప్రిన్సిపాలుగారి మొహం దీపంలా వెలిగింది. మేష్టారికి లోపల్నుంచి సంతోషం పొంగుకొచ్చింది, తట్టుకుంటుంది సార్, బ్రహ్మాండంగా తట్టుకుంటుంది, అన్న మాట పెదాల దాకా వచ్చేసింది.

అక్కడ ఆగిపోయింది.

తన మాటే ఇంకొకరి నోట్లో ఎలా ఉందో ఆయన అప్పుడు విన్నారు. ఇప్పుడే అందరి ముందూ కక్కిన దాన్ని మళ్లీ మింగబోయారు, అదీ పండగలా. బోర్డు అంచు పట్టుకున్నారు.

"నన్నడక్కండి సార్," అన్నారు. "ఆ పిల్లనడగండి."

చప్పట్లు ఆగిపోయాయి. మిరపగింజ లేచింది. సీటు కావాలన్న ఆశ మొహంలో దాచుకోలేదు. దాచుకునే పిల్ల కూడా కాదు.

"వస్తాను సార్. నాకు ఇష్టమే. కానీ ముందొకటి చెప్పండి. అక్కడ మనుషులెందుకు నిలవట్లేదు?"

"అంటే... పని కొంచెం ఎక్కువ..."

"ఎక్కువంటే సార్? వాపసు సరుకు ఎక్కువొస్తోందా, మనుషులు తక్కువున్నారా? తప్పు సరుకు ఎక్కడ బయల్దేరుతోందో అక్కడివాళ్లకి చెప్తారా, లేక వాపసొచ్చిన చోట ఉన్నవాళ్లనే తిడతారా?"

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వి, నోరు మూసుకున్నారు. కంపెనీ ఆయన ప్రిన్సిపాలుగారి వైపు చూశాడు, ప్రిన్సిపాలుగారు గడియారం వైపు చూశారు. చివరికి ఇద్దరూ మేష్టారి వైపు చూశారు, ఈ పిల్లని మీరే ఏదో ఒకటి అనాలి అన్నట్టు.

మేష్టారు ఓ అడుగు పక్కకి జరిగారు. ఆ పిల్ల ఆయన వైపు చూడలేదు. క్షమించిందో లేదో కనుక్కునే దారి ఆయనకి దొరకలేదు, అడిగే మొహమూ లేదు.

కంపెనీ ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. దగ్గర్లో ఉన్న కుర్చీ లాక్కుని ఆ పిల్లకి ఎదురుగా వేసుకున్నాడు.

"కూర్చోమ్మా," అన్నాడు. "చెప్పడానికి కాస్త టైము పడుతుంది."